కొస బయటుంచిన రీలు

ఆగండి, ఒక్క నిమిషం. వినండి. శామీర్‌పేట చెరువు వైపు నుంచి ఉరుముతోంది. మొన్న సోమవారం దాకా ఆ చప్పుడు వింటే చాలు, కెమెరా పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు ఆకాశం వైపు చూడబుద్ధి కావట్లేదు.

మేం అత్వెల్లిలో జనార్ధన్ గారింట్లో పై వాటాలో అద్దెకుంటాం. కింద ఆయనా, వాళ్లమ్మ బుచ్చమ్మ అవ్వా. డెబ్భై ఏళ్లొచ్చినా అవ్వకి ఒక్క ఫోటో లేదు. ఓటరు కార్డులకి ఫోటోలు తీసే రోజున కూడా పొలానికి పారిపోయిందట! ఆదివారం జనార్ధన్ గారు నన్ను పిలిచారు.

"తేజా, మా అమ్మ ఫోటో జర దియ్యరాదు."

"గీ పోరడా? పొద్దుమాపు మబ్బులు దీసుకుంట తిరుగుతడు, గీనికి మన్షి కనవడ్తదా?" అంది అవ్వ. "నోట్ల పండ్లు లెవ్వు, ఏం జూస్తరు నన్ను?"

"అయితే నవ్వకవ్వా," అన్నాను. నాలుగు ఫోటోలకి బిగుసుకుని కూర్చుంది, ఐదోదానికి నవ్వేసింది.

మిగతా రీలంతా సాయంత్రం మబ్బులు తీసి వెనక్కి చుట్టేశాను. మేడ్చల్‌లో ఫోటోలు కడిగే కుర్మయ్య ఎప్పుడూ చెప్పేదొకటే: "పూరా లోపటికి చుట్టకు, కొస జర బైటుంచు, నాకు అల్కగైతది." అందుకే కొస బయటికి వదిలి, బల్ల మీద కొత్త రీలు పక్కన పెట్టాను. కొత్త రీలుకీ కొస అలాగే బయటికుంటుంది. అది నాకు తట్టలేదు.

సోమవారం కుర్మయ్య కొట్టు మూత. ఆ రాత్రి కరెంటు పోయింది, ఆకాశం అంతా మెరుపులే! "కిటికీ వెయ్యరా, పిడుగు పడుద్ది," అని అమ్మ అరుస్తూనే ఉంది. చీకట్లో బల్ల తడిమి, చేతికందిన రీలు ఎక్కించేశాను. కెమెరా కుర్చీ మీద పెట్టి, షట్టరు తెరిచి పట్టుకుని, మెరిసేదాకా ఊపిరి బిగబట్టి, మెరవగానే మూసేయడం. పన్నెండు తీశాను. ఒకటైతే పైనుంచి నేల దాకా వేరులా దిగింది, నేను గంతులేశాను. మంగళవారం రెండు రీళ్లూ కుర్మయ్యకిచ్చాను.

బుధవారం అవ్వ నిద్రలోనే పోయింది.

ఇవాళ కుర్మయ్య కవరు నా ముందు పడేశాడు. "ఏంది తేజా, ఒక్క రీలు మీద రెండుసార్లు దీసినవ్?"

అవ్వ ఐదు ఫోటోల్లోనూ మెరుపులే. నవ్విన ఫోటోలో ఆ వేరులాంటి మెరుపు నుదుటి నుంచి గడ్డం దాకా. చెప్పడానికి సిగ్గేస్తోంది, నేను తీసిన మెరుపుల్లో అదే బాగా వచ్చింది.

"బాగు చెయ్యలేవా అన్నా?"

"కండ్లే లెవ్వు బిడ్డా. ఏడికెల్లి దెస్త?"

గేటు దగ్గర జనార్ధన్ గారు గాజు ఫ్రేముతో నిలబడి ఉన్నారు. "దినాలకు పెడ్దామని జల్దీ తెచ్చిన. నవ్విందన్నవ్ గద తేజా, మంచిగొచ్చిందా మా అమ్మ?"

కవరు నా చొక్కా లోపలుంది. ఇంకా కడగలేదని ఇవాళ చెప్పొచ్చు, రేపూ చెప్పొచ్చు. ఆయనకున్నవి ఈ ఐదే. మళ్లీ ఉరిమింది, ఆయన చెయ్యి చాపారు. మీరైతే ఆ కవరు ఇస్తారా?