వియ్యాలవారి మిక్సీ భోజనం

కూతురి అత్తవారింట్లో భోజనమంటే టైలరు గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి. పోయినసారి సగం కంచం వదిలేసి లేచాడని వియ్యంకుడు ముఖం మాడ్చుకున్నాడు. అప్పట్నుంచి ఫోన్లో ముక్తసరి మాటలే. మధ్యలో నలిగేది కూతురు. ఈసారి ఎలాగైనా కంచం ఖాళీ చేయాలి.

చేయడం తన చేతుల్లో ఉంటేగా! ఏళ్లనాటి షుగరు ఇప్పుడు పొట్ట నరాల మీద పడింది. తిన్నది ఒక పట్టాన కిందికి దిగదు. నాలుగు ముద్దలకే గొంతు దాకా నిండినట్టుంటుంది. కొంచెం కొంచెంగా, మెత్తగా తినమంది డాక్టరమ్మ. ఆ సంగతి వియ్యంకుడితో చెప్పుకోవడానికి నామోషీ. అందుకని సొంత తెలివి ఉపయోగించాడు. పొద్దున్నుంచి ఏమీ తినకపోతే పొట్టలో చోటు మిగులుతుంది కదా!

తీరా ఆ ఇంటి గుమ్మం ఎక్కేసరికి చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయింది.

"ఏంటి బావగారూ, నన్ను చూసి చెమటలు పడుతున్నాయా? నేనేమన్నా పులినా?" అన్నాడు వియ్యంకుడు. ఆయనది మిక్సీలు బాగుచేసే పని. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

షుగరు పడిపోయిందని కూతురికి అర్థమైపోయింది. పరుగున పంచదార నీళ్లు తెచ్చి తాగించింది. "పొద్దున తిన్నావా నాన్నా?"

"లేదమ్మా. షుగరు సూది మాత్రం మానలేదు."

"తినకుండా సూదా! నీకేమైనా మతి పోయిందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుని, పొట్ట సంగతంతా మామగారి ముందు కక్కేసింది.

వియ్యంకుడు కుర్చీలో కూలబడ్డాడు. "ఓర్నీ! మా వంట మీ నోటికి రుచించలేదనుకుని మా ఆవిడ మీద ఎగిరానే!"

"ఉప్పెక్కువని ఓ పూట, తక్కువని ఓ పూట తిట్లు తిన్నానన్నయ్యగారూ," అంది వియ్యపురాలు వంటింట్లోంచి.

టైలరు వణుకు తగ్గి కాస్త తేరుకున్నాక, వియ్యంకుడు అన్నం, కూర, పెరుగు మిక్సీలో వేసి గిర్రున తిప్పాడు. రెండు గ్లాసుల్లో పోసి, ముందు తనే తాగాడు. ముఖం వంకర్లు పోయింది.

"గోడకి పూసే సున్నంలా ఉంది కదండీ?" అన్నాడు టైలరు.

"పొట్టకేం కళ్లున్నాయా? కానివ్వండి." తర్వాత భార్యవైపు తిరిగి, "నాకు కంచం కూడా పెట్టు. ఇది మర్యాదకి తాగాను," అన్నాడు.

టైలరు గుటక గుటకగా తాగుతూ సగంలో ఆగాడు. గ్లాసు కింద పెట్టి, "చాలు బావగారూ," అన్నాడు. ఆ మాట అనడానికి ఇన్నాళ్లూ ఎంత భయపడ్డాడో!

"చాలంటే చాలు. మిగిలింది సాయంత్రం చూద్దాం," అని వియ్యంకుడు గ్లాసు మీద మూత పెట్టి, తన కంచం మీద పడ్డాడు.

భోజనమయ్యాక ఇద్దరూ వీధిలో నడవడానికి బయల్దేరారు. వెనక వంటింట్లో అత్తాకోడళ్లు దేనికో పకపకా నవ్వుతున్నారు. టైలరు అడుగులు తేలిగ్గా పడుతున్నాయి.

"మెల్లిగా బావగారూ," వియ్యంకుడు ఆయాసపడుతూ పొట్ట పట్టుకున్నాడు, "నేను మెక్కింది దిగనివ్వండి!"

టైలరు నవ్వుతూ ఆగాడు.