గుండీలక్క సముద్రం ఫోటో

చొక్కా పట్టీ మీద గుండీని బొటనవేలితో అదిమిపట్టి, సూదిని కింది నుంచి పైకి లాగుతూ, ఆమె గోడవారగా పెట్టిన తన ఫోను మీద ఓ కన్ను వేసే ఉంచింది. ఖరీదైన చొక్కాలకు చేత్తో గుండీలు కుట్టడం ఆ కార్ఖానాలో ఆమె పని. అసలు పేరు జీతాల పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, యజమాని మొదలుకొని ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె గుండీలక్కే. యాభై దాటినా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. చెయ్యి ఇసుమంతైనా వణకదు. ఆ వణకని చెయ్యే ఆమె కొంప ముంచింది.

ఏడాదికోసారి యజమాని పనివాళ్లందరినీ బస్సెక్కించి ఎక్కడికైనా తిప్పుకొస్తాడు. మొన్న ఆదివారం సముద్రానికి తీసుకెళ్లాడు. బస్సు దిగీ దిగగానే, "అక్కా, నువ్వైతే చెయ్యి కదలకుండా తీస్తావు" అంటూ ఒక్కొక్కరే వచ్చి తమ ఫోన్లు ఆమె చేతిలో పెట్టారు. జంటలను తీసింది, గుంపులను తీసింది, ఇసుకలో పూడ్చిపెట్టిన మేస్త్రీని తల ఒక్కటే కనిపించేలా తీసింది. మధ్యాహ్నం వంటకు ఒప్పుకున్న మనిషి మొహం చాటేస్తే గరిటె కూడా ఆమె చేతికే వచ్చింది. అందరూ తిన్నాక అడుగంటింది గీక్కుని తిని, కాస్త కాళ్లు తడుపుకొనేసరికి మేస్త్రీ బస్సు దగ్గర ఈల వేశాడు.

ఇప్పుడామెకు తన ఫోటో ఒక్కటి కావాలి. పొద్దున ఫోన్లో అక్క అడిగింది.

అక్క వేరే ఊళ్లో, కూతురి ఇంట్లో మంచాన పడి నెలలైంది. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకుని, పెద్దయ్యాక సముద్రం చూడాలని ఇద్దరూ ఎన్నోసార్లు అనుకున్నారు. అక్కకు ఆ రాత ఇక లేదు. "నువ్వైనా చూశావు కదే. సముద్రం ముందు నిలబడ్డ ఫోటో పంపు. నిన్ను చూస్తే నేను చూసినట్టే" అంది ఆయాసపడుతూ. తర్వాత అక్క కూతురు ఫోన్ తీసుకుని గొంతు తగ్గించింది. "మెతుకు ముట్టడం లేదు పిన్నీ. ఏం పెట్టినా మొహం తిప్పేసుకుంటోంది. డాక్టరుగారు ఇక ఏ క్షణమైనా అన్నారు."

అందుకే మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె తన డబ్బా మూత కూడా తియ్యకుండా అందరూ కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఫోన్లు చేతులు మారుతున్నాయి. అన్నం తింటున్న వేళ్లతోనే ఒకరి ఫోటోలను ఒకరు జరిపి చూసుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. ఒక్కొక్క ఫోన్లోకీ తొంగిచూసింది. ఎందులోనూ తను లేదు.

"ఎవరి దాంట్లోనైనా నేను పడ్డానేమో చూడండమ్మా. ఒక్కటి చాలు" అంది.

కాలర్లు కుట్టే పిల్ల తలెత్తి, "అయ్యో, నువ్వు ఆ రోజు రాలేదు కదక్కా?" అంది జాలిగా.

బట్ట కత్తిరించే ముసలాయన పొలమారి దగ్గాడు. "మరి ఇన్ని ఫోటోలూ ఎవరు తీశారే, మీ తాతా? నువ్వు మూడుసార్లు వడ్డించుకు తిన్నది ఎవరి వంట?"

అందరూ గొల్లున నవ్వారు. ఆ పిల్ల నాలుక కరుచుకుంది. గుండీలక్క కూడా నవ్వింది గానీ, లోపల చివుక్కుమంది. తన గది గుర్తొచ్చింది. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కంచం. తను వచ్చిందో లేదో చెప్పడానికి అక్కడా ఎవరూ లేరు.

పక్కవాళ్ల డబ్బాలోంచి వేడి కూర వాసన వచ్చి, ఆమెను చటుక్కున అమ్మ వంటింట్లోకి లాక్కెళ్లింది. ఇంటినిండా పిల్లలు. ఎంత లేకపోయినా పెద్ద గిన్నె నిండా ఉడికేది. అమ్మ మూత తీస్తే ఆవిరి చూరుదాకా లేచేది, దాంతోపాటు పిల్లలందరూ లేచేవారు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ కడుపు పగిలేలా తినిపించి, లేవలేక వాళ్లు అక్కడే దొర్లుతుంటే అమ్మ గిన్నె అడుగు గోకుకునేది. ఎడమ భుజం మీద మసిగుడ్డతో ఎప్పుడూ పొయ్యి వైపే ఒంగి ఉండేది. పిల్లలకు ఆమె మొహం కన్నా వీపే బాగా తెలుసు. పోయేదాకా ఒక్క ఫోటో తీయించుకున్న పాపాన పోలేదు.

సాయంత్రం ముసలాయన తన ఫోన్ పట్టుకొచ్చాడు. "ఇదిగో, వెతగ్గా వెతగ్గా దొరికావు. నా మొహం నేను తీసుకున్నాను, వెనకాల నువ్వు పడ్డావు."

సగం ఫోటో ఆయన పళ్లే. ఆయన భుజం వెనక నీలంగా సముద్రం. దానికి ఇవతల, రాళ్ల పొయ్యి మీది గిన్నెలోకి ఒంగి, పొగలో, భుజం మీద గుడ్డతో ఒక ఆడమనిషి వీపు. మొహం లేదు.

"ముఖం పడలేదనుకో" అన్నాడాయన నొచ్చుకుంటూ.

"వీపైనా నాదే కదన్నా" అని, ఆయన పళ్లు కత్తిరించి మిగిలినది అక్కకు పంపించింది.

బస్టాపులో ఉండగా ఫోన్ మోగింది. అక్క గొంతులో అంత ఊపిరి విని ఎన్నాళ్లయిందో.

"ఒసేయ్! అమ్మ ఫోటో నీకెక్కడ దొరికిందే?"

అది నేనే అక్కా, మొన్న సముద్రం దగ్గర, అని చెప్పాలి. తనను చూడాలన్న మనిషి ఈ లోకంలో ఆ ఒక్కతే. ఆ ఒక్కతీ చూడలేదు.

"ఏమే, అమ్మే కదూ?"

"అమ్మేనక్కా."

"నాకు తెలీదూ, ఆ గుడ్డ చూడు భుజం మీద! ఏం వండుతోందే?"

"నీకిష్టమైందే."

"అడుగున మాడింది నాకుంచమను. నువ్వు లాక్కోకు" అని నవ్వింది అక్క.

"లాక్కోనులే అక్కా" అంది. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు. అక్క నవ్విందని సంతోషంగానే ఉంది, అయినా కన్నీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకుని, తర్వాతి బస్సుకు గదికి చేరి, స్టవ్వు వెలిగించకుండానే పడుకుంది.

తెల్లవారుజామున అక్క నిద్రలోనే వెళ్లిపోయింది. గుండీలక్క చేరేసరికి ఎండెక్కింది. జనం వచ్చారు, ఏడ్చారు, చెయ్యవలసినవి చేసి వెళ్లారు. అంతా అయ్యాక అక్క కూతురు ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లింది.

"రాత్రి నీతో మాట్లాడాక ఆకలేస్తోందంది పిన్నీ. వాళ్లమ్మ వండుతోందట, పెట్టమంది. ఉన్నది వేడిచేసి పెట్టాను. తనే కలుపుకుని తింది. కడగడానికి నాకు చెయ్యి రాలేదు."

గట్టు మీద చిన్న స్టీలు గిన్నె ఉంది. ఒక్క మెతుకు మిగల్లేదు. చుట్టూతా నాలుగు వేళ్లూ గీకిన చారలు ఎండి, అడుగుదాకా తెల్లగా కనబడుతున్నాయి.