లివరుంది, తీగ లేదు

ముందు బ్రేకు ముట్టుకోవద్దంట, ముట్టుకుంటే బోర్లా పడతామంట, మూడు రోజులుగా ఇదే పాట, వెనక కూర్చుని నా భుజం మీదుగా మెడ చాచి అరుస్తాడు నా మొగుడు శ్రీనివాసులు, క్లచ్చి నిదానంగా వదులుమే, యాడ చూస్తాండావు, రోడ్డు ఈడుండాది, రోడ్డు నాకూ కనపడుతూనే ఉంది, నాకు కళ్ళు లేవా, సోమవారం లైసెన్సు పరీక్ష, అది పాసై బండి మీద నాలుగు ఊర్లకు ఉత్తరాలు పంచితేనే పోస్టాఫీసు ఉద్యోగం నాకు నిలుస్తుంది, లేకుంటే మళ్ళీ ఒకరి చేన్లో కలుపు తీయాల్సిందే, ఈరోజు శనివారం, ఈయనేమో గేరు మార్చిన ప్రతిసారీ పళ్ళు కొరుకుతాడు, హెల్మెట్ ఇవ్వమంటే తన మోచేతికి తగిలించుకుని, ఎండకు తల ఉడుకుతాది, పోలీసోళ్ళు కనపడితే పెట్టుకుందువులే అంటాడు, మెదడు మోచేతిలో ఉందేమో ఈ మనిషికి.

రెండు బ్రేకులూ కలిపి నెమ్మదిగా పట్టాలని పరీక్ష పుస్తకంలో ఉంది, చదివి వినిపించాను కూడా, పుస్తకం తోలుతాదా బండి అన్నాడు, అదిగో మలుపులో ముసలి మారెక్క రోడ్డంతా ఉలవకట్టె పరిచి పక్కనే నిలబడింది, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఇక్కడ అందరమూ పరుస్తాం, పోయినేడు మేమూ పరిచాం, దాని మీద టైరు జారుతుందనీ అందరికీ తెలుసు, అందుకే కట్టె రాకముందే, తారు మీదే వేగం తగ్గించాలని నా వేళ్ళు ముందు బ్రేకు మీదికి పోయాయి, చెళ్ళున కొట్టాడు, నా చేతి మీద, పసిపిల్లను కొట్టినట్టు, వెనకది తొక్కుమే వెనకది, తొక్కాను, గట్టిగా, బండి ఆగలేదు, కట్టె మీదికెక్కి అటూ ఇటూ ఊగి ఒరిగింది, ఇద్దరం కిందపడ్డాం, మారెక్క కాళ్ళకు జానెడు దూరంలో చక్రం.

కండ్లు యాడ పెట్టుకున్యావు కృపా, నన్ను సంపుతావా ఏంది అని ముసలామె తిడుతోంది, ఆడోళ్ళ చేతికి బండిస్తే ఇంతేలే అవ్వా అని ఈయన నవ్వుతున్నాడు, నా మోచెయ్యి చీరుకుపోయి మండుతోంది, అంతకంటే ఆ నవ్వు మండించింది, బండి నేనే లేపాను, బాగుందో లేదోనని ముందు బ్రేకు పట్టి చూశాను, లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది, కింద చూస్తే చక్రానికి పోయే తీగే లేదు, ఏమిది అన్నాను, నవ్వు ఆగింది, పెండ్లికి ముందు పాత బండి మీద ముందు బ్రేకు పట్టే పడినా, నోట్లో రెండు పండ్లు రాలినాయి, ఈ బండి కొన్నపొద్దే తీగ తీసేయించినా అన్నాడు, నా మొహం చూడకుండా.

తొమ్మిదేళ్ళు, పాపను మధ్యలో కూర్చోబెట్టుకుని, హైవే మీద లారీల పక్కన, ఈ సగం బ్రేకుల బండి మీద నేను కునుకు తీశాను, శీనన్న తోలితే కడుపులో నీళ్ళు కదలవని ఊళ్ళో అంటే పొంగిపోయాను, నాకు భయం మే అని ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు, నాకూ భయమే కదా, చెప్పలేదు, చెయ్యి మీద కొట్టాడు, సోమందేపల్లె మెకానిక్కు దగ్గరికి బండి తోసుకుంటూ పోతున్నాను, ఇయ్యిమే, నేను తోస్తా అని వెనక నుంచి అంటున్నాడు, ఇవ్వను, తీగ వేయించేదాకా ఇవ్వను, తానెప్పుడో పడిన పడటాన్నే ఈ మనిషి మూడు రోజులుగా నాకు నేర్పుతున్నాడు.