నలభై ఏడో వరుసలో అత్తయ్య

మా అత్తయ్యను నేను తొమ్మిది వందల కిలోల మనిషిని చేసింది ఒక మంగళవారం పొద్దున, తొమ్మిదిన్నరకు. చేసింది ఒక్క బటన్ నొక్కి. మధ్యాహ్నానికల్లా ఆ సంగతి ఆవిడ చెవిన కూడా పడింది.

నేను పనిచేసేది యంత్రాలు తయారుచేసే ఒక చిన్న షెడ్డులో. కింద వెల్డింగు, లేతు మిషన్లు. పైన రేకుల గదిలో నా కంప్యూటరు. బోల్టు దగ్గర్నుంచి చక్రం దాకా యంత్రంలో ఉండే ప్రతి ముక్కనూ తెర మీద విడిగా గీసి, వాటిని ఒకదానికొకటి బిగించి, పూర్తి యంత్రాన్ని తెర మీదే నిలబెట్టడం నా పని. ఆ తర్వాత అందులో ఏ ముక్కలు ఎన్ని ఉన్నాయో, దేనితో చేయాలో, ఎంత బరువో జాబితా రాయాలి. మా సీనియర్ ఆ జాబితాను తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ రాసేవాడు. రెండ్రోజులు పట్టేది, ప్రతిసారీ నాలుగు వాషర్లు తక్కువొచ్చేవి. నాకసలే ఓపిక తక్కువ. మూడు నెలలు కుస్తీ పట్టి, బటన్ నొక్కితే జాబితా దానంతటదే బయటికొచ్చే ఏర్పాటు చేశాను. మనిషి లెక్కపెడితే తప్పులొస్తాయి గానీ ఇది లెక్కపెడితే రావని అందరి దగ్గరా గొప్పలు పోయాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ మంగళవారం జాబితా దేనికంటే, మంచం మీది రోగిని లేపి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రానికి. మొదటి గీత నుంచి చివరి బోల్టు దాకా నా ఒక్కదాని చేతికే ఇచ్చిన మొదటి పని అది. ఆస్పత్రి వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. బరువు నూట ఇరవై కిలోలు దాటకూడదు, ఇద్దరు ఆయాలు దాన్ని ఆయాసపడకుండా తోసుకెళ్లాలి. ఇది వాళ్లకు నచ్చితే ఇలాంటివి ఇంకో ఇరవై. నచ్చకపోతే నేను మళ్లీ సీనియర్ గీసిన బొమ్మలకు కొలతలు రాసుకుంటూ కూర్చోవాలి. ఓనరుగారు ఈ సంగతి మెత్తగానే చెప్పారు, కానీ చెప్పారు.

మా అత్తయ్య ముప్పై ఏళ్లు ఆస్పత్రుల్లో ఆయాగా చేసింది. రోగుల్ని ఎత్తీ దించీ నడుం పోగొట్టుకుంది. ఇప్పుడు చెంచా కింద పడినా గోడ పట్టుకుని గానీ వంగలేదు. యంత్రానికి హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉండాలో పుస్తకాల్లో రాసి ఉంది. అవి రాసినవాళ్లు మాత్రం జన్మలో ఎవర్నీ మంచం మీంచి లేపినట్టు లేరు. అందుకని ఒక ఆదివారం ఆవిణ్ణి తలుపుకు ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచాను. మోచెయ్యి నేలకు ఎంత ఎత్తులో ఉంది, చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుంది, భుజాల వెడల్పెంత, అన్నీ. ఎందుకని అడిగితే తర్వాత చెబుతానన్నాను, చెప్పలేదు. తన ఒంటి కొలతలు షెడ్డులో పదిమందికీ చూపిస్తున్నానని తెలిస్తే ఒంటికాలి మీద లేస్తుందని భయం.

ఆ కొలతలతో తెర మీద బూడిదరంగు మనిషినొకర్ని చేసి, ‘అత్తయ్య’ అని పేరు పెట్టి, యంత్రం పక్కన నిలబెట్టాను. ఇద్దరు ఆయాలు కావాలి కాబట్టి ఇంకో అత్తయ్యను అటువైపు నిలబెట్టాను. ఇంట్లో ఒక్కరితోనే నెగ్గుకురాలేనిదాన్ని, ఇక్కడ ఇద్దర్ని పెట్టుకుని హాయిగా పనిచేశాను. వాళ్ల మోచేతులు చూసుకుని హ్యాండిల్‌ను నాలుగు వేళ్లు పైకి జరిపాను.

మంగళవారం బటన్ నొక్కగానే జాబితా వచ్చింది. ఓనరుగారు దాన్ని అటు నుంచి అటే ఆస్పత్రికి పంపేశారు. ఆయన చూడలేదు, నేనూ చూడలేదు. చూడకుండా పంపొచ్చని చెప్పుకున్నది నేనే కదా.

పావుగంటకు లిస్టు బాబాయి మెట్లెక్కి వచ్చాడు. మా షెడ్డులో సరుకు కొనేది ఆయనే. జాబితాలో ప్రతి వరుస ఎదురుగా ఆయన మూడు గళ్లు గీసుకుంటాడు. స్టోరులో ఉంది, కొనాలి, చేయించాలి. మూడింట్లో ఒకదాంట్లో టిక్కు పడేదాకా ఆయనకు అన్నం సహించదు. ఏదైనా ఎందుకు కావాలని ఆయన ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

“నలభై ఏడో వరుసమ్మా. అత్తయ్య, రెండు. స్టోరంతా వెతికించాను, లేవు. బయట కొనాలా, మనమే చేయాలా?” అన్నాడు.

ఆయన ముఖంలో నవ్వు లేదు. రెండూ ఒకే సైజువేనా అని కూడా అడిగాడు. నేను బల్ల మీద తల పెట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. అది ముక్క కాదని, మా అత్తగారి కొలతలతో చేసిన బొమ్మని, జాబితాలోంచి తప్పించడం మరిచిపోయానని కళ్లు తుడుచుకుంటూ చెప్పాను. అప్పుడు కాగితం అడుగున మొత్తం బరువు కనిపించింది. వెయ్యి ఇరవై రెండు కిలోలు.

కాగితం లాక్కుని మళ్లీ చూశాను. బొమ్మను దేనితో చేయాలో నేను చెప్పలేదు. ఏమీ చెప్పకపోతే మా కంప్యూటరు దాన్ని ఇనుమనుకుంటుంది. యంత్రం బరువు నూట పన్నెండే. మిగతా తొమ్మిది వందల పదీ ఇద్దరు ఇనుప అత్తయ్యలది.

పరుగున కిందికి వెళ్లేసరికే ఓనరుగారు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆస్పత్రిలో ఈ పని చూసే పెద్ద నర్సుగారు జాబితా చదివారట. టన్ను బరువున్న యంత్రం మాకొద్దు, రెండింటికి నేనే వచ్చి ఆ ముక్క మీ ముఖం మీదే చెబుతానన్నారట. ఓనరుగారు నన్ను తిట్టలేదు. ఆవిడకు నువ్వే చెప్పుకో అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

పైకెళ్లి బొమ్మలిద్దర్నీ లెక్కలోకి రాకుండా చేశాను. అలా చేయడానికి ఒక చిన్న గడిలో గుర్తు పెడితే చాలు, అర నిమిషం పని. మళ్లీ బటన్ నొక్కితే నూట పన్నెండు వచ్చింది. ఈసారి ప్రతి వరుసా వేలు పెట్టి చదివాను, అచ్చం మా సీనియర్‌లాగే.

పెద్ద నర్సుగారు సరిగ్గా రెండింటికి పైకి నా గదికే వచ్చారు. పొట్టిగా, చకచకా నడిచే మనిషి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

“పొద్దున వెయ్యి ఇరవై రెండు. ఇప్పుడు నూట పన్నెండు. సాయంత్రానికి ఎంతవుతుంది?”

ఆవిడ భయం బరువు గురించి కాదని అప్పుడర్థమైంది. నేను ఏ అంకె చెప్పినా ఆవిడ ఇక నమ్మరు. నా బటన్‌నూ నమ్మరు, నన్నూ నమ్మరు. అబద్ధమాడే తెలివి ఉంటే ఆడేదాన్నేమో, అదీ లేదు.

“ఆ తొమ్మిది వందల పది కిలోలూ మా అత్తయ్య, సిస్టర్. ఇద్దరు” అన్నాను.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మా అత్తయ్య ప్రత్యక్షమైంది. ఆవిడ వెనకే లిస్టు బాబాయి. అది బొమ్మని నేను చెప్పినా ఆయన గళ్లలో టిక్కు పడలేదు. ముక్క సంగతి తేలకపోతే కొలతలిచ్చినవాళ్లను అడగాలన్నది ఆయన పద్ధతి. రిజిస్టర్లో మా ఇంటి నంబరు చూసి ఫోన్ చేసి, కొలతలిచ్చింది మీరేనా, ఎవరు తయారుచేస్తారు అని అడిగాడట. విషయమేంటో తేల్చుకుందామని ఆవిడ బస్సెక్కి వచ్చేసింది. నాకు నేల చీలి లోపలికి వెళ్లిపోతే బాగుండుననిపించింది.

ఆవిడ నా వైపు చూడలేదు. తెర మీద తనను తాను చూసుకుంది. బూడిదరంగు, ముఖం లేదు, జుట్టు లేదు, ఇద్దరు, పక్కన ‘అత్తయ్య’ అని పేరు.

“అయితే స్వెటర్ కాదన్నమాట” అంది మెల్లగా.

కొలతలు తీసుకుంది స్వెటర్ అల్లించడానికనుకుని మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. పక్కింటివాళ్లకు కూడా చెప్పుకుందట. సిగ్గుతో నా తల నేలకు వాలిపోయింది.

పెద్ద నర్సుగారికి ఇవేమీ పట్టలేదు. మా అత్తయ్యను కిందికి తీసుకెళ్లి సరుకు తూచే కాటా ఎక్కమన్నారు. యాభై ఎనిమిది. అదే సైజులో ఇనుము మనిషి కంటే ఎన్ని రెట్లు బరువని నన్నడిగారు. ఏడు పాయింటు ఎనిమిది అయిదు రెట్లన్నాను. ఆవిడ ఫోన్లో గుణించుకున్నారు. ఒక ఇనుప అత్తయ్య నాలుగు వందల యాభై అయిదు. ఇద్దరైతే తొమ్మిది వందల పది. అప్పుడు మొదటిసారి ఆవిడ పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది.

అక్కడే యంత్రం నమూనా ఒకటుంది. చట్రం అసలుదే, హ్యాండిల్ మాత్రం చెక్కది, పైన రోగి బదులు ఇసుక మూటలు. మా అత్తయ్య ఎవరూ చెప్పకుండానే వెళ్లి దాన్ని పట్టుకుంది. హ్యాండిల్ తిప్పింది. మూటలు లేచాయి. దించింది. మళ్లీ తిప్పింది. షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు.

“నడుం వంచే పని లేదు” అంది.

ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. తర్వాత యంత్రాన్ని ఆ చివరి దాకా ఒక్కతే తోసుకెళ్లి, వెనక్కి తెచ్చి, పెద్ద నర్సుగారి చేతికిచ్చింది. ఆవిడ కూడా తిప్పి చూశారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఎత్తు. తువ్వాలు తగిలించుకోవడానికి అటొకటి ఇటొకటి కొక్కెం ఉండాలని, లేకపోతే ఆయాలు దాన్ని భుజం మీదేసుకుని నానా అవస్థా పడతారని మా అత్తయ్య చెప్పింది. పెద్ద నర్సుగారు తలూపారు. కొక్కేలు పెట్టాక బరువెంతో చెప్పండి, ఈసారి చదివి పంపండి అని, సరేనని సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఓనరుగారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు.

నేను అత్తయ్యను పైకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ముందే చెప్పనందుకు తప్పయిందన్నాను. బొమ్మల్ని లెక్కలోంచి తీసేశాను, ఇక ఏ కాగితంలోనూ మీ పేరు రాదు, దిగులు పడకండని కూడా చెప్పాను.

“తీసేశావా?” అంది. కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. “ముప్పై ఏళ్లు ఎత్తాను అమ్మాయ్. నన్ను ఏ ఆస్పత్రి రిజిస్టర్లోనూ రాయలేదు. ఆయాలు ఇద్దరు అని రాసేవాళ్లు, అంతే. ఇందులో పేరుతో ఉన్నాను కదా, ఉండనీ.”

కొలతలు పదిమందికీ చూపించానని కోప్పడుతుందని మూడు నెలలు దాచాను, ఆవిడకేమో ఆ ముఖం లేని బొమ్మలో తన పేరు కనిపించింది. కొలతల కాగితం తీసి పర్సులో పెట్టుకున్నాను. స్వెటర్ అల్లేవాళ్లకు చేయి పొడవు అంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పి ఉండరు.

కొత్త జాబితాలో నలభై ఎనిమిదో వరుస కొక్కేలు, రెండు, ఎనభై గ్రాములు. నలభై ఏడో వరుసలో అత్తయ్యను మళ్లీ పెట్టాను. సంఖ్య ఒకటి, బరువు యాభై ఎనిమిది, యంత్రం బరువులో కలపకూడదు, హ్యాండిల్ ఎత్తుకు ఈవిడే కొలత అని పక్కన రాశాను. మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివి లిస్టు బాబాయికిచ్చాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరుసా దిగుతూ వచ్చి, నలభై ఏడు దగ్గర ఆగాడు. నా పక్కన కూర్చున్న మా అత్తయ్యను ఒకసారి చూశాడు. ‘కొనాలి’ గడి మీద అడ్డగీత గీశాడు, ‘చేయించాలి’ గడి మీద అడ్డగీత గీశాడు. మిగిలిన గడిలో టిక్కు పెట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో ‘మన దగ్గరే ఉన్నారు’ అని రాసుకుని నలభై ఎనిమిదికి వెళ్లాడు.