తడిస్తేనే తెలిసే రంగు

కొండల మీద మంచు కరుగుతున్న రోజుల్లో పెళ్లాంతో తగువుపడి, గాలం కర్ర భుజాన వేసుకుని వెళ్లాడు ఎవేలియో. చెర్రీ చెట్లు పూతకొచ్చినా తిరిగి రాలేదు. బిల్బావో పట్నంలో ఎవత్తెతోనో కాపురం పెట్టి ఉంటాడని ఊళ్లో అనుకున్నారు. పెళ్లాం డెల్ఫీనా కూడా అదే నమ్మింది. నమ్మడమేమిటి, అదే నిజం కావాలని రోజూ కోరుకుంది. సవతి ఉంటే ఉండనీ, మనిషి బతికుంటే చాలు ఆమెకు.

ఆ ఉదయం ఆమె కిటికీ దగ్గర కూర్చుని ట్రౌట్ చేపలకు ఎరగా వేసే ఉత్తుత్తి ఈగలు కడుతోంది. కొక్కేనికి మైనం రాసిన పట్టుదారం చుట్టి, మెడ దగ్గర కోడిపుంజు ఈక బిగిస్తే, నీట మునిగిన పురుగులాగే ఉంటుంది. అత్త హొనోరీనా పొయ్యి దగ్గర వెల్లుల్లి ఒలుస్తోంది. ఊరి పోలీసు గార్డు టోమే టోపీ తీసి చేత పట్టుకుని లోపలికొచ్చాడు.

"కింద వంతెన దగ్గర శవం దొరికిందమ్మా. నీళ్లలో నాని మొహం ఆనవాలు లేదు. కోటు కాలరుకి ఇది గుచ్చి ఉంది. నీ చేతి పనేనా?"

కాగితంలో ఎండిపోయిన ఈగ, ఎండుగడ్డి రంగు దారం. డెల్ఫీనా తన ఒళ్లోని దారంతో పోల్చి చూసి ఊపిరి పీల్చుకుంది.

"నాది కాదు. మా దారం ముదురు తేనె రంగు."

"పోనీలే, నీ మొగుడు కాదు. దిక్కులేని శవమని మధ్యాహ్నం అక్కడే పూడ్చేస్తాం."

అతను కాగితం మడవబోతుంటే హొనోరీనా చెయ్యి చాపింది.

"ఇటివ్వు నాయనా. ఏమే, ఎండిన ఈగను చూసి రంగు చెప్పమనా నీకు నేర్పింది? నీళ్లకు మైనమంతా పోయి, ఎండేసరికి దారం వెలిసినట్టు కనిపిస్తుంది. తడిపి చూడు."

"నాది కాదన్నాగా అత్తయ్యా."

"ఉల్లిపొట్టులో వాల్‌నట్ తొక్క కలిపి రంగేసేది ఈ లోయలో మనమొక్కళ్లమే. మనది కాకపోతే అప్పుడే తేలిపోతుంది."

డెల్ఫీనా కదల్లేదు. ముసలామె ఈగను నాలుక మీద పెట్టుకుని నోరు మూసుకుంది. టోమే మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి ఆమె దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి చాపింది. ముదురు తేనె రంగు.

"పూడ్చకండి నాయనా. వాడికి పేరుంది," అంది హొనోరీనా.

"ఆయన బిల్బావోలో ఉన్నాడత్తయ్యా," అంది డెల్ఫీనా. అంటూనే లేచి, వంతెన దాకా వెళ్లడానికి శాలువా వెతుక్కుంటోంది.