శ్రవణ్ కూర్చోవలసిన చోటు

గద్వాలలో ఏటా స్వామివారికి జోడు పంచెలు నేస్తారు. నలభై రోజులకు పైగా దీక్ష, వెడల్పాటి మగ్గం మీద ముగ్గురు పక్కపక్కన కూర్చుని నేయాలి. వెంకట్రాములు పదేళ్లుగా ఆ మగ్గం మీద చోటు కోసం కాచుకుని ఉన్నాడు. ఈ ఏడు ఒక చోటు ఖాళీ అయింది. దీక్ష పెద్ద బాలయ్య పిలిచింది మాత్రం శ్రవణ్ కుమార్‌ను. వెంకట్రాములు దగ్గరే పని నేర్చినవాడు, వరసకు అల్లుడు, ముప్ఫై ఏళ్లు కూడా నిండనివాడు.

"పోరని చెయ్యి నీదానికన్న మెత్తగున్నది రాములూ, గంతే," అన్నాడు బాలయ్య.

ఆ మాట వెంకట్రాములుకు తిండి సహించనివ్వలేదు. శ్రవణ్ వీధిలో నడిస్తే జనం 'స్వామీ' అంటున్నారు. చివరికి తన భార్య వనజ కూడా వాణ్ని వాకిట్లో ఆపి పాలగ్లాసు చేతికిచ్చింది. అది చూసి అతని కడుపు మండిపోయింది.

దీక్ష మొదలైన నాలుగో రోజు బాలయ్య దగ్గరికి వెళ్లాడు. "చెప్పొద్దనుకున్న అన్నా. నిన్న శ్రవణ్‌గాడు కల్లు దుకాణంల కూసున్నడు. నా కండ్లతోని చూసిన."

బాలయ్య శ్రవణ్‌ను పిలిపించి అడిగాడు.

"నేను పోలే పెద్దయ్యా. స్వామికి తెల్సు," అన్నాడు శ్రవణ్. పని నేర్పినవాడి మాటను ఎవరు అనుమానిస్తారు? శ్రవణ్ మగ్గం దిగాడు, వెంకట్రాములు ఎక్కాడు.

తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం. కోరుకున్నదంతా దొరికింది. అయితే రోజూ పొద్దున శ్రవణ్ వచ్చి గడప బయట నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి వెళ్లిపోయేవాడు. మొదట్లో నాటకమనుకుని వెంకట్రాములు లోలోపల నవ్వుకున్నాడు. తర్వాత ఆ ముఖంలోని నెమ్మది మీదే ఈర్ష్య పుట్టింది. చోటు నాదైతే, ఆ నెమ్మది వాడి దగ్గరెందుకుంది? తనూ కళ్లు మూసుకుని 'గోవిందా' అనబోతే ముందు ఆ అబద్ధమే నోటికొచ్చేది. ఇంతకుముందు పవర్‌లూమ్ చీరలను గద్వాల చీరలని అమ్మేవాళ్లను హోటల్లో కూర్చుని తిట్టేవాడు, లోకంలో పాపభయం లేకుండా పోయిందని. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక గడప దాటి వచ్చాడు. "నీకు గింత అన్యాయం చేసినోడు లోపట కూసుంటె, నీకు మొక్కబుద్ధి ఎట్లయితదిరా?"

శ్రవణ్ జోడించిన చేతులు దించాడు. "ఏడ్పొస్తది మామా. ఒక దినమైతే నీ చేతులు పడిపోవాలని గూడ మొక్కిన. మనుషుల మీద నాకు ఆశ పోయింది. ఆయన గూడ లేడనుకుంటె ఎట్ల బతకాలె? గందుకే వచ్చి నిలవడ్త."

వెంకట్రాములు లోపలికి వెళ్లి, అందరి ముందూ నిజం చెప్పేశాడు. బాలయ్య కేకలు వేయలేదు. "దిగు," అన్నాడు, అంతే. శ్రవణ్ మళ్లీ మగ్గమెక్కాడు.

వనజ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. వీధిలో జనం ముఖం తిప్పుకున్నారు. ఇంట్లో దేవుడి పటం ముందు నిలబడితే అడగడానికి ఏమీ తోచలేదు. "తప్పయింది స్వామీ," అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అంటూ ఏడ్చాడు. తనలాంటివాడి మాట కూడా వినేవాడు ఒకడున్నాడని ఆ ఏడుపులోనే అనిపించింది. మనసు కొంచెం తేలికైంది.

మూడో రోజు శ్రవణ్ వాకిట్లో నిలబడ్డాడు. "మామా, కండెలు చుట్టే లలితమ్మకు జరమొచ్చింది. పెద్దయ్యనడిగిన. తానం చేసి రమ్మన్నడు, లోపటికి మాత్రం రావొద్దన్నడు. వసారల కూసోవాలె. వస్తవా?"

వెంకట్రాములు వెళ్లాడు. వసారాలో కండెకు నూలు చుడుతుంటే లోపలినుంచి శ్రవణ్ కూర్చున్న మగ్గం చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు చక్కగా, ఒకే తీరుగా ఉంది. గుండెలో పాత మంట మళ్లీ చురుక్కుమంది.

"గిది గూడ నువ్వే చూస్కో స్వామీ," అనుకుని ఇంకో కండె అందుకున్నాడు.