నాలుగు గంటల భవనం

మెట్ల మీద తడి ఆరకముందే ఎవరో ఒకరు చెప్పులతో ఎక్కిపోతారు. అందుకని ప్రతి మెట్టునూ ఆమె రోజుకు రెండుసార్లు తుడిచేది. ఆ ప్రభుత్వ భవనంలో అందరూ ఆమెను మెట్లమ్మ అనేవాళ్లు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. పదకొండేళ్లలో ఆమె తుడిచిన మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చితే చందమామ దాకా ఎక్కి, అక్కడ నాలుగు గదులు ఊడ్చి, తెల్లారేసరికి తిరిగి డ్యూటీకి రావచ్చు. దుమ్ములో పడిన అడుగు చూసి, వచ్చింది ఏ ఆఫీసరో, పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేది. ఇందులో కోతలుంటే గింటే కాసినే.

కాగితం మీద మాత్రం ఆమె పార్ట్ టైమ్ స్వీపరు. పొద్దున ఆరు నుంచి పది వరకు, నాలుగు గంటలు. ఇల్లు చేరేసరికి రోజూ మధ్యాహ్నం రెండు దాటేది. అక్కడ ఇంకో ఉద్యోగం ఎదురుచూస్తూ ఉండేది. దానికి పార్ట్ టైమ్ అన్న పేరు కూడా లేదు. అత్తగారు మంచం దిగకుండానే, "నాలుగు గంటల పనికి ఎనిమిది గంటలు ఊరేగి వచ్చావా తల్లీ" అనేది. మొగుడు అదే ఆఫీసులో పర్మినెంటు డ్రైవరు, పైగా ఉద్యోగుల యూనియన్ నాయకుడు. నలుగురిలో మాట్లాడేవాడు కాబట్టి కాస్త మర్యాదగా, "నీకు స్పీడు లేదే" అనేవాడు. వినీ వినీ ఆమెకూ అదే నిజమనిపించింది. సర్కారు వాళ్లు ఊరికే రాస్తారా, ఎవరో కొలిచే ఉంటారు, వేరే ఎవరైనా అయితే నాలుగు గంటల్లో ముగించేస్తారు, లోపం నా చేతుల్లోనే ఉంది అనుకునేది. సొంత డబ్బుతో పొడుగు కర్ర చీపురు కొనుక్కుంది. మధ్యలో టీ తాగడం మానేసింది. అలా పరుగులు పెట్టి రెండు మోకాళ్లూ అరగదీసుకుంది గానీ పావుగంట కూడా మిగల్లేదు.

ఈ ఏడు ఒక ఆశ పుట్టింది. బడ్జెట్ ముందు జీతాల సవరణ చర్చలు జరుగుతాయి. యూనియన్ ఇచ్చిన కోర్కెల జాబితాలో పద్నాలుగోది పార్ట్ టైమ్ స్వీపర్లను ఫుల్ టైమ్ చెయ్యాలని. అదే అయితే జీతం రెట్టింపు, ఆ పైన పెన్షను. మోకాళ్లు ఆగిపోయేలోపు ఆ కాగితం రావాలని ఆమె రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

సోమవారం సాయంత్రం మొగుడు చొక్కా విప్పుతూ, "పద్నాలుగోది తీసేశాం" అన్నాడు, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా.

"ఎందుకండీ?"

"బేరమన్నాక ఏదో ఒకటి వదులుకోవాలి. ఇది వదిలితే జీతాల పెంపు ఇంకో ఒకటిన్నర శాతం ఇప్పిస్తామని కింది ఆఫీసర్లు అన్నారు. పర్మినెంటు వాళ్లందరికీ లాభమే కదా."

"ఆ అందరిలో నేను లేనుగా."

"నాకొస్తే నీకు వచ్చినట్టు కాదా? అయినా నాలుగు గంటల పనికి ఫుల్ జీతం అడిగితే నవ్వుతారే. కాసిని వేణ్ణీళ్లు పెట్టు."

ఆమె నీళ్లు పెట్టింది. అవి మరిగేదాకా పక్కనే నిలబడింది. ఆ ఒకటిన్నర శాతం ఆయన జేబులోంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఎన్నిసార్లు చెయ్యి చాపాలో ఆమెకు తెలుసు.

మర్నాడు బడ్జెట్ సెక్షన్ ఊడుస్తూ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమాస్తాను అడిగింది. "బాబాయ్, నా నాలుగు గంటలు ఎవరు కొలిచారు?"

ఆయన బీరువాలోంచి ఒక ఫైలు లాగి, తుమ్మి, చదివాడు. "ఇరవై ఏడేళ్ల కిందటి ఆర్డరమ్మాయ్. అప్పట్లో ఇక్కడ మూడు గదులు, ఒక వరండా. పైన మూడంతస్తులు తర్వాత లేచాయి."

"మరి నా గంటలు?"

"లేవలేదు. ఏటా బడ్జెట్ వేసేటప్పుడు పాత అంకెనే మళ్లీ ఎత్తి రాసేస్తాం. లిఫ్టుకు మనిషిని పెట్టాం, కుండీల్లో మొక్కలక్కూడా ఖర్చు రాశాం. నీ దగ్గర మార్చమని పైనుంచి ఏ కాగితమూ రాలేదు."

ఆమె చీపురు గోడకు ఆనించి తన రెండు చేతులూ చూసుకుంది. ఎప్పుడూ లోపం లేని చేతులు. పదకొండేళ్లు వాటిని తిట్టుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గు తగ్గాక కోపం వచ్చింది. అది తగ్గలేదు.

బుధవారం పదిన్నరకు మూడో అంతస్తు హాల్లో పెద్దాఫీసరుతో ఆఖరి చర్చలు. ఆ పూట మెట్లమ్మ పరుగెత్తలేదు. మూలమూలా శుభ్రంగా, మామూలు మనిషి చేసినట్టు చేసుకుంటూ పోయింది. పది కొట్టేసరికి రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గరుంది. బకెట్టు దించి అక్కడే కూర్చుంది. బయట రోడ్డు పని దుమ్ము ఆ హాలు కుర్చీల మీద రోజూ పరుచుకునేదే. ఇవాళ పరుచుకున్నది పరుచుకున్నట్టే ఉంది. నిన్నటి టీ కప్పుల్లో చీమలు తమ చర్చలు ముందే మొదలుపెట్టాయి.

మొగుడు రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. "హాలు ఊడవలేదేమే? పెద్దాఫీసరు నిలబడే ఉన్నాడు. పరువు తీశావు."

"పది దాటిందండీ."

"ఈ ఒక్క పూటకీ కానియ్యి."

"పదకొండేళ్లూ ఒక్కొక్క పూటే అయింది."

పైనుంచి ఆర్థిక శాఖ పెద్దాఫీసరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తొంగిచూశాడు. "స్వీపరు ఎవరు?"

"మా ఆవిడే సార్," అన్నాడు మొగుడు. "ఇంటిదగ్గర నేను చెప్తాను, మీరు లోపలికి పదండి."

"నా డ్యూటీ నాలుగు గంటలు సార్," అంది ఆమె లేచి. "మూడు గదులున్నప్పుడు వేసిన లెక్క. మీ బడ్జెట్ సెక్షన్లోనే ఫైలుంది."

ఆఫీసరు కిందికీ పైకీ చూశాడు. మెట్లు లెక్కపెడుతున్నట్టున్నాడు. "మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరొచ్చేసరికి శుభ్రంగా ఉండేది సార్. శుభ్రంగా ఉన్నదాని గురించి ఎవరు అడుగుతారు?"

ఆయన యూనియన్ నాయకుడి వైపు తిరిగాడు. "నా దగ్గరికి వచ్చిన మీ జాబితాలో ఇది లేదే?"

నాయకుడు గోడకున్న సున్నాన్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

"పద్నాలుగోది సార్. నన్నడక్కుండా తీసేశారు," అంటూ ఆమె ఆ ఇద్దరి మధ్య నుంచి మెట్లెక్కి హాల్లోకి వెళ్లింది. బల్ల దగ్గర ఒక కుర్చీ లాక్కుని, దాని దుమ్ము తుడవకుండానే కూర్చుంది.